తాతయ్యకూ మనవడికీ మధ్య అర సెకను

"ఏం మాట్లాడతారర్రా ఇంత స్పీడుగా, ఒక్క ముక్క చెవికెక్కదు" అన్నది పెద్దవాళ్ళ ఫిర్యాదు. "తాతయ్యకి ఫోన్ చేస్తే ఒక్క విషయం చెప్పడానికి అరగంట పడుతుంది" అన్నది పిల్లల గొణుగుడు. రెండువైపులా నెపం వేగం మీదికే పోతుంది. మాటని గడియారం పెట్టి కొలిచినవాళ్ళ లెక్కలు చూస్తే ఆ నెపంలో సగమే నిజం. నోరు కదిలే వేగం మనిషికీ మనిషికీ మనం అనుకున్నంతగా మారదు. బాగా మారేది మాటల నడుమ వదిలే ఖాళీ. తరాల మధ్య సంభాషణ ఎక్కువగా బెడిసికొట్టేది ఆ ఖాళీల్లోనే. "కాస్త మెల్లగా చెప్పు" అన్న సలహా చాలాసార్లు పనిచెయ్యకపోవడానికి కారణం కూడా ఇదే. మెల్లగా చెప్పడమంటే సరిగ్గా ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

ఒక నోటికి రెండు వేగాలు

వాక్కును కొలిచేటప్పుడు రెండు లెక్కలు వేస్తారు. మౌనాలతో సహా మొత్తం సమయాన్ని లెక్కలోకి తీసుకుంటే వచ్చేది మాట వేగం. మౌనాలు తీసేసి, నోరు నిజంగా కదిలిన సమయాన్ని మాత్రమే తీసుకుంటే వచ్చేది ఉచ్చారణ వేగం. లండన్‌లో ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్ అనే పరిశోధకురాలు 1950, 60 దశకాల్లో ఈ రెండిటినీ విడదీసి చూపించారు. ఒకే మనిషి ఒకచోట వేగంగా, ఒకచోట నెమ్మదిగా మాట్లాడినట్టు వినిపించడానికి కారణం చాలావరకు మౌనాల్లో తేడాయేనని, ఉచ్చారణ వేగం పెద్దగా కదలదని ఆమె తేల్చారు. అప్పటికప్పుడు ఆలోచించుకుంటూ చెప్పే మాటల్లో కొందరికి సగం సమయం దాకా మౌనానికే పోతుంది. వినేవాళ్ళు మాత్రం దాన్ని "నిదానం" అని నోటి ఖాతాలో రాస్తారు.

ఇంట్లో ఎవరి వేగమెంతో తెలుసుకోవాలంటే తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో నిమిషానికి ఎన్ని పదాలు అని లెక్కపెడతారు. తెలుగుకి ఆ లెక్క పనికిరాదు. "వెళ్ళలేకపోతున్నానని" అన్నది మనకు ఒక్క పదం, అందులో తొమ్మిది అక్షరాలున్నాయి. పదాలు లెక్కపెడితే తెలుగువాడు ఎప్పుడూ నత్తే. అక్షరాలు లెక్కపెట్టాలి. మన లిపిలో ఒక అక్షరం దాదాపు ఒక పలుకుకి (సిలబుల్‌కి) సమానం కాబట్టి రాసుకుంటే లెక్క తేలిపోతుంది.

ఫోన్‌లో రెండు మూడు నిమిషాల మామూలు కబుర్లు రికార్డు చెయ్యండి. చదివించకూడదు. చదివేటప్పుడు అందరూ బళ్ళో పాఠం అప్పజెప్పినట్టే చదువుతారు, అది వాళ్ళ వేగం కాదు. మొదటి నిమిషం వదిలెయ్యండి, రికార్డవుతోందన్న స్పృహ పోవడానికి ఆ మాత్రం పడుతుంది. ఒక్కరే మాట్లాడిన 20, 30 సెకన్ల ముక్క తీసుకుని, పుస్తకంలో ఉన్నట్టు కాకుండా నోట్లోంచి వచ్చినట్టు రాయండి. "చేస్తున్నాను"లో నాలుగు అక్షరాలు. నోటివెంట "చేస్తన్నా" అని వస్తే మూడే. ఒత్తులున్న అక్షరం ఒకటిగానే లెక్క, సున్నకీ పొల్లుకీ విడిగా లెక్క లేదు. "బస్సులో" అంటే మూడు, "ఫోన్" అంటే ఒకటి. మొత్తాన్ని సెకన్లతో భాగిస్తే మాట వేగం వచ్చేస్తుంది.

ఉచ్చారణ వేగానికి మౌనాలను తీసెయ్యాలి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే శబ్దం గీతగా కనిపిస్తుంది, గీత పడిపోయిన చోటల్లా మౌనం. అయితే పడిపోయిన ప్రతి చోటునీ విరామం అనుకుంటే లెక్క తప్పుతుంది. "అక్క" అన్నప్పుడు ఒత్తు దగ్గర నోరు మూసుకుని ఒక క్షణం శబ్దం ఆగిపోతుంది. అది మాటలో భాగం. ఇలాంటివి కలిసిపోకూడదనే గోల్డ్‌మన్-ఐస్లర్ పావు సెకనుకు తక్కువైన మౌనాలను విరామాలుగా లెక్కపెట్టలేదు. ఒత్తులు ఇన్ని ఉన్న తెలుగుకి ఆ గీటు మరీ అవసరం. రెండో చిక్కు సీలింగ్ ఫ్యాను. దాని హోరు మౌనాన్ని నింపేస్తే సాఫ్ట్‌వేర్‌కి విరామమే దొరకదు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపేయండి.

ఇలా కొలిస్తే మాట వేగంలో కనిపించిన తేడా ఉచ్చారణ వేగానికొచ్చేసరికి బాగా తగ్గిపోవచ్చు. తగ్గకుండా మిగిలింది నోటిది, మాయమైనదంతా మౌనానిది.

భాషల మధ్యా ఇదే తంతు. ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు 2011లో ఏడు భాషల వేగాలు ప్రచురించారు. జపనీస్ సెకనుకి 7.84 పలుకులు, స్పానిష్ 7.82, ఇంగ్లీష్ 6.19, మాండరిన్ 5.18. వేగంగా పలికే భాషల్లో ఒక్కో పలుకు మోసే సమాచారం తక్కువ, నెమ్మదిగా పలికే భాషల్లో ఎక్కువ. 2019లో అదే బృందం 17 భాషలు కొలిస్తే అన్నీ సెకనుకి సుమారు 39 బిట్ల (బిట్ అంటే సమాచారాన్ని కొలిచే ప్రమాణం) సమాచారం దగ్గరే సర్దుకున్నాయి. ఆ పదిహేడులో మన దేశపు భాష ఒక్కటీ లేదు. కాబట్టి "తెలుగువాళ్ళు అందరికంటే ఫాస్టు" అని ఎవరైనా అంకె చెబితే నమ్మనక్కర్లేదు. అర్థం కాని భాష ఏదైనా అందరికీ వేగంగానే వినిపిస్తుంది, ఎక్కడ మాట తెగుతోందో తెలియదు కాబట్టి. యాసలకూ ఇదే వర్తిస్తుంది. గోదావరి యాసకు అలవాటైన చెవికి కరీంనగర్ మాట పరుగెత్తినట్టుంటుంది, అటువాళ్ళు శ్రీకాకుళం మాట విని అదే అంటారు.

వయసు ఏం చేస్తుంది

అమెరికాలో వేర్వేరు వయసులవాళ్ళ మామూలు మాటలు కొలిచిన ఒక అధ్యయనంలో అందరికంటే వేగంగా పలికినవాళ్ళు కుర్రకారు కాదు, నలభయ్యోపడి మధ్యలో ఉన్నవాళ్ళు. అక్కణ్ణుంచి వేగం తగ్గుతూ వస్తుంది. కారణాలు మామూలువే. ఊపిరి సామర్థ్యం తగ్గడం వల్ల ఒక గుక్కలో పట్టే మాటలు తగ్గుతాయి. గుక్క చిన్నదైతే వేగం కూడా తగ్గుతుంది, ఎందుకంటే పొడుగు వాక్యాన్ని మనం తెలియకుండానే బిగించి పలుకుతాం. డచ్ మాటలను పరిశీలించిన హ్యూగో కెనె 2008లో చూపించినదిదే. పడుచువాళ్ళు వేగంగా మాట్లాడటంలో కొంత భాగం వాళ్ళు గుక్క పొడుగ్గా లాగడం వల్ల వచ్చినదే.

ఇంకో కారణం పేర్లు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోవడం. "అదేరా, మన కాకినాడ... వాళ్ళ అల్లుడు..." అని పెద్దాయన తడుముకునేటప్పుడు ఆగిపోయింది పేరొక్కటే. మనిషి గుర్తున్నాడు, సంగతి గుర్తుంది, ఆ అల్లుడి కట్నం లెక్కతో సహా గుర్తుంది. వయసుతో పదసంపద తగ్గదు, చాలామందిలో పెరుగుతుంది. పదాన్ని బయటికి లాగే పనే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని బుద్ధి మందగించడంగా చూడటం మన ఇళ్ళలో రోజూ జరిగే చిన్న అన్యాయం.

"మా కాలంలో ఇంత వేగం లేదు" అన్న మాటని మాత్రం ఇవాళ్టి కుర్రాణ్ణీ ఇవాళ్టి తాతనీ పక్కపక్కన పెట్టి తేల్చలేం. అలా పోలిస్తే తేలేది వయసు ప్రభావం, కాలం ప్రభావం కాదు. తాత ఇరవయ్యేళ్ళప్పుడు మాట్లాడిన రికార్డు, మనవడి ఇరవయ్యేళ్ళ రికార్డు రెండూ ఒకే రకం కబుర్లలోవి కావాలి. పాత సినిమా డైలాగులు తెచ్చి చూపించేవాళ్ళున్నారు. అవి రంగస్థలపు గొంతులు, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడుకోలేదు.

వంతు మారే చోట

అసలు కథ ఇక్కడుంది. ఒకరు ఆపి ఇంకొకరు అందుకునే మధ్య ఎంత ఖాళీ ఉంటుంది? 2009లో పది భాషల్లో అవును-కాదు ప్రశ్నలకు జవాబులు కొలిచారు. అన్నీ కలిపి సగటు సెకనులో ఐదో వంతు, అంటే 200 మిల్లీసెకన్ల చుట్టుపక్కల. జపనీయులు సగటున 7 మిల్లీసెకన్లలో అందుకుంటారు, డేన్‌లు 469 తీసుకుంటారు. ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటే నోరు తెరవడానికే సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎదుటివాళ్ళు ముగించేదాకా ఆగి అప్పుడు ఆలోచించడం మొదలుపెడితే 200లో జవాబు అసాధ్యం. మనందరం అవతలి వాక్యం సగంలో ఉండగానే మన జవాబు వండుకుంటాం, అది ఎక్కడ ముగుస్తుందో ముందే ఊహిస్తాం.

తెలుగులో ఈ ఊహకి ఒక మెలిక ఉంది. క్రియ చివర వస్తుంది, దాని తోకలో అసలు అర్థం ఉంటుంది. "వస్తాడు", "వస్తాడా", "వస్తాడట", "వస్తాడేమో". చివరి ఒకటి రెండు అక్షరాలు తప్ప అన్నీ ఒకటే. అవును-కాదు కూడా అక్కడే తేలుతుంది: "రమ్మన్నాడు", "రావద్దన్నాడు". సరిగ్గా ఆ తోక దగ్గరే ఊపిరి అయిపోయి గొంతు దిగిపోతుంది. వేగంగా మాట్లాడేవాళ్ళు మింగేసేదీ ఆ తోకనే. మనవడు "రేపొస్తాడట" అంటే తాతయ్యకు "రేపొస్తాడ" దాకా వినిపిస్తుంది. అది ప్రశ్నో, కబురో తేల్చుకోవడానికి ఆయనకు ఇంకో అర సెకను కావాలి. ఆ అర సెకనులో మనవడు ఇంకో వాక్యం మొదలుపెట్టేస్తాడు.

ఖాళీ పెరిగితే ఏమవుతుందో కూడా కొలిచారు. ఒకరు సాయం అడిగాక, అవతలివాళ్ళు "సరే" అనే ముందు మౌనం పెంచుతూ వినిపించారు. 600 మిల్లీసెకన్లు ఆగితే, మాట అదే "సరే" అయినా, వినేవాళ్ళకు ఇష్టం లేనట్టు తోచింది. 1200 ఆగితే ఇంకా ఎక్కువ. ఇంగ్లీష్, ఇటాలియన్, జపనీస్ వినేవాళ్ళు ముగ్గురిలోనూ ఇదే ధోరణి. ఇది మూఢనమ్మకమేం కాదు. "కాదు" అని చెప్పదలచుకున్నవాళ్ళు నిజంగానే కాస్త ఆగి చెబుతారు, మొహమాటం కొద్దీ.

ఇప్పుడు ఇంట్లో జరిగేది చూడండి.

"నానమ్మా, ఆదివారం మా ఇంటికొస్తావా?"

ఒక సెకను మౌనం.

"సరేలే, ఓపిక లేకపోతే వద్దులే."

"రాననలేదే! రెండ్రోజులకి మాత్రలు సరిపోతాయా అని చూసుకుంటున్నా."

మనవరాలి చెవిలో ఆ సెకను "వద్దు". నానమ్మకు అది లెక్క చూసుకునే వ్యవధి. మనవరాలు తొందరగా వెనక్కి తగ్గింది మర్యాద కొద్దీనే. నానమ్మకు మాత్రం పిలుపు మొక్కుబడిగా వినిపించింది. ఇద్దరిలో ఎవరూ తప్పు మాట అనలేదు.

దీనికి పెద్దవాళ్ళ చేతిలో ఒక మంచి పనిముట్టుంది, చాలామంది వాడరు. ఆలోచిస్తున్నామని తెలియజెప్పే చిన్న శబ్దం. "ఆఁ... ఉండు చూస్తా", "అదీ... ఏంటంటే". వంతు తనదేనని, జవాబు వస్తోందని అది చెబుతుంది. మౌనానికి ఆ శక్తి లేదు. పిల్లలవైపు సూత్రం ఇంకా సులువు. ప్రశ్న అడిగాక రెండు సెకన్లు పూర్తిగా ఆగాలి, ఆ లోపల ప్రశ్నని మార్చి అడగకూడదు. మార్చి అడిగితే వినేవాళ్ళు వండుకుంటున్న జవాబు పారబోసి మళ్ళీ మొదలుపెట్టాలి. రెండు సెకన్లంటే చెప్పడానికి తేలికే, ఆగి చూస్తే ఎంత పొడుగో తెలుస్తుంది.

అన్నిటినీ వయసుకి అంటగట్టడం కూడా తప్పే. భాషాశాస్త్రవేత్త డెబొరా టానెన్ 1978లో కాలిఫోర్నియాలో ఒక థాంక్స్‌గివింగ్ విందులో మాటలన్నీ రికార్డు చేసి విశ్లేషించారు. న్యూయార్క్ నుంచి వచ్చినవాళ్ళు ఒకరి మాట మీద ఒకరు పడుతూ, ప్రశ్నలు గుప్పిస్తూ మాట్లాడారు, వాళ్ళకు అదే ఆత్మీయత. కాలిఫోర్నియావాళ్ళు ఖాళీ కోసం ఎదురుచూసి చూసి మాట్లాడలేకపోయారు, వాళ్ళకు ఆగడమే మర్యాద. తేడా పెంపకానిది. మన పెళ్ళిళ్ళలో అరవయ్యేళ్ళ పిన్నులూ అత్తలూ నలుగురు ఒకేసారి మాట్లాడుకుంటూ ఏ ఒక్క కబురూ జారిపోనివ్వరు. పక్కన కూర్చున్న పాతికేళ్ళ కోడలికి అందులో ఎక్కడ దూరాలో తెలియదు. ఇక్కడ వేగం ఎవరిది?

ఊకొట్టడం సంగతి కూడా చెప్పుకోవాలి. పెద్దతరం మాటకు వినేవాళ్ళ "ఊఁ", "ఆఁ", "అలాగా" ఆసరా. బుర్రకథలో కథకుడి పక్కన వంతలు చేసే పనిలో అది కూడా ఉంది. ఫోన్ పట్టుకుని నిశ్శబ్దంగా వినే మనవడు తను శ్రద్ధగా వింటున్నాననే అనుకుంటాడు. అవతల తాతయ్యకు లైను కట్టయిందేమోనని అనుమానం. "హలో... ఉన్నావా?" అని ఆగుతాడు, చెప్పేది మర్చిపోతాడు, మొదటికొస్తాడు. అరగంట ఫోన్‌లో పది నిమిషాలు ఇలాగే పోతాయి. ప్రతి వాక్యం చివర ఒక ఊఁ ఖర్చుపెడితే చాలు.

చెవిలో జరిగేది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం అరవై దాటినవాళ్ళలో 65 శాతానికి పైగా మందికి ఎంతోకొంత వినికిడి లోపం ఉంటుంది. వయసుతో వచ్చే లోపం ముందుగా హెచ్చు పౌనఃపున్యాల (సన్నటి కీచు శబ్దాల) దగ్గర మొదలవుతుంది. అచ్చుల బలం దిగువ పౌనఃపున్యాల్లో ఉంటుంది, కాబట్టి అవి బాగానే వినిపిస్తాయి. "స", "శ", "చ", "త", "క" లాంటి హల్లుల గుర్తులు పైన ఉంటాయి, అవి జారిపోతాయి. "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్ళు అనేది ఇందుకే. అది చాదస్తం కాదు, అక్షరాలా సరైన రోగ లక్షణ వర్ణన.

ఇక్కడ ఇంట్లోవాళ్ళు చేసే మొదటి తప్పు అరవడం. అరిస్తే పెరిగేది అచ్చుల మోత, లోపించిన హల్లులు అలాగే ఉంటాయి. పైగా లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు వినపడని చప్పుడుకీ భరించలేని చప్పుడుకీ మధ్య దూరం తగ్గిపోతుంది. మామూలుగా చెబితే "ఏంటీ?" అంటారు, కాస్త గొంతు పెంచగానే "ఎందుకలా అరుస్తావ్?" అంటారు. మనవడికి ఇది గయ్యాళితనంలా అనిపిస్తుంది. చెవి తీరే అంత.

రెండో తప్పు సాగదియ్యడం. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు గొంతు సన్నగా పెట్టి, ఒక్కో అక్షరాన్నీ లాగి లాగి, ముక్కలు ముక్కలుగా చెప్పడం. ఆస్పత్రుల్లో ఎక్కువగా వినిపిస్తుంది. అమెరికాలోని కాన్సస్‌లో సూసన్ కెంపర్, తమారా హార్డెన్ అనే పరిశోధకులు 1999లో దీన్ని విడగొట్టి పరీక్షించారు. వాక్యాలను పొట్టిగా కత్తిరించడం, వేగం బాగా తగ్గించడం, గొంతు సన్నం చెయ్యడం వల్ల పెద్దవాళ్ళకు ఉపయోగం కనిపించలేదు. ఉపయోగపడినవి రెండు: వాక్యంలో వాక్యం దూర్చకుండా విప్పి చెప్పడం, చెప్పినదాన్ని ఇంకాస్త వివరంగా చెప్పడం.

తెలుగులో సాగదియ్యడం ఇంకా ప్రమాదం. మనకు హ్రస్వదీర్ఘాలు అర్థాన్ని మారుస్తాయి. డాక్టరు "మెడ" అన్నదాన్ని లాగితే "మేడ" అవుతుంది. వేగంగా మాట్లాడేవాళ్ళు దీర్ఘాలను కుదించి, నిదానం చేసేవాళ్ళు హ్రస్వాలను లాగి, ఇద్దరూ ఒకే గోతిలో పడతారు. కాబట్టి నెమ్మది చెయ్యాల్సింది అక్షరాన్ని కాదు. అక్షరం మామూలు కొలతలోనే పలికి, పదబంధం అయ్యాక ఆగాలి. బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ వింగ్‌ఫీల్డ్ బృందం 1999లో ఇది చూపించింది. రికార్డును యంత్రంతో వేగం పెంచి వినిపిస్తే పెద్దవాళ్ళు పడుచువారి కంటే ఎక్కువ తడబడ్డారు. అదే వేగపు రికార్డులో వాక్యాలు, పదబంధాలు తెగే చోట్ల ఖాళీలు చేర్చగానే చాలావరకు కోలుకున్నారు. ఎక్కడపడితే అక్కడ చేర్చిన ఖాళీలు అంతగా పనిచెయ్యలేదు.

దీన్ని ఇంటి మాటలోకి దించితే ఇలా ఉంటుంది. సాధారణంగా మనం అనేది: "రేపు పొద్దున తొమ్మిదింటికి నాన్న కారు తీసుకొచ్చి నిన్ను షుగర్ టెస్టుకి తీసుకెళ్తాడు కాబట్టి ఖాళీ కడుపుతో రమ్మన్నారు గనక ఏం తినకుండా రెడీగా ఉండు." ఒకే గుక్క, క్రియలన్నీ ఒకదాంట్లో ఒకటి. విప్పితే: "రేపు పొద్దున నీకు షుగర్ టెస్టు ఉంది." ఆగాలి, ఊఁ వచ్చేదాకా. "ఖాళీ కడుపుతో రమ్మన్నారు. అంటే టిఫినే కాదు, కాఫీ కూడా వద్దు." ఆగాలి. "నాన్న కారు తీసుకుని తొమ్మిదింటికొస్తాడు." రెండో పద్ధతిలో మాటలేం తగ్గలేదు. విషయం ముందుకొచ్చింది, కాఫీ అన్న వివరం చేరింది, మొదటి దాంట్లో తప్పకుండా జరిగే పొరపాటు (పొద్దున్నే కాఫీ తాగెయ్యడం) ఆగిపోయింది.

స్పష్టంగా పలకడమన్నది వేగంతో సంబంధం లేకుండా కూడా పనిచేస్తుంది. ఎంఐటీలో 1985లో జరిగిన ప్రయోగంలో వినికిడి లోపమున్నవాళ్ళకు, అవే వాక్యాలను మామూలుగా కాక విడమరిచి పలికినప్పుడు సగటున 17 శాతం పాయింట్లు ఎక్కువ అర్థమైంది. తర్వాతి ప్రయోగాల్లో, శిక్షణ ఇస్తే మామూలు వేగంలోనే అలా పలకొచ్చని తేలింది. తెలుగులో విడమరచడమంటే మూడు పనులు: క్రియ తోక పూర్తిగా పలకడం, ఒత్తుని ఒత్తుగా పలకడం, దీర్ఘాన్ని దీర్ఘంగా ఉంచడం.

అంకెల దగ్గర ఇంకో జాగ్రత్త కావాలి. "ఇరవై", "అరవై" మధ్య తేడా మొదటి అచ్చు ఒక్కటే. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" మధ్య చివరి పొల్లు ఒక్కటే. మందు మోతాదుకీ బస్సు నంబరుకీ "ఆరు, సున్నా... అరవై" అని రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాలి. కొత్త ఇంగ్లీషు మాటలదీ ఇదే గొడవ. పెద్దవాళ్ళు సందర్భాన్ని పట్టుకుని జారిపోయిన శబ్దాలను పూరించుకోవడంలో పడుచువాళ్ళకు తీసిపోరు. "పాలు విరి..." దాకా వింటే చాలు, మిగతాది వాళ్ళే పూరిస్తారు. "ఈకేవైసీ పెండింగ్" అన్నచోట పూరించుకోవడానికి సందర్భమే లేదు. అలాంటి మాట ముందు చిన్న విరామం, తర్వాత ఒక తెలుగు వివరణ ఉంటే వాక్యం మొత్తం నిలబడుతుంది.

వినికిడి పరీక్షకు వెళ్ళే ముందు చెవిలో గుబిలి గట్టిపడిందేమో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి, కొందరికి సమస్య అక్కడితోనే తీరుతుంది. ఆడియాలజిస్ట్ దగ్గర కూతల (బీప్ శబ్దాల) పరీక్షతో సరిపెట్టకుండా మాటలు ఎంతవరకు అర్థమవుతున్నాయో చూసే పరీక్ష కూడా అడగాలి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలోనూ, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలోనూ ఇవి చేస్తారు. మాట వేగం ఉన్నట్టుండి మారితే మాత్రం అది వేరే విషయం. గంటల్లో మాట ముద్దయిపోతే, మూతి వంకరపోతే పక్షవాతం కావచ్చు, ఆ క్షణమే 108కి ఫోన్ చెయ్యాలి. నెలల తరబడి గొంతు సన్నగిల్లి, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ గొణుగుడులా మారితే పార్కిన్సన్స్ ఉందేమో చూపించాలి.

సముద్రాల మీదుగా ఫోన్

పైన చెప్పినవన్నీ కలిసి ఒకేసారి మీద పడేది దూరదేశం ఫోన్‌లో. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే మాట్లాడేవాళ్ళకు దాదాపు తెలియదు, 400 దాటకూడదు. గుంటూరుకీ డాలస్‌కీ మధ్య ఒకవైపు 250 పడిందనుకోండి. తాతయ్య ఎప్పటిలాగే 200లో జవాబిచ్చినా, డాలస్‌లో అది వెళ్ళి రావడానికి పట్టే 500 కలుపుకుని 700 తర్వాత వినిపిస్తుంది. "ఇష్టం లేదేమో" అనిపించే గీటు దాటేసింది. ఈలోగా మనవడు ఇంకో మాట మొదలుపెడతాడు, అటునుంచి జవాబొచ్చి ఢీకొంటుంది, ఇద్దరూ ఆగిపోతారు, ఇద్దరూ "చెప్పు చెప్పు" అంటారు, మళ్ళీ ఢీ. మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు 135 మిల్లీసెకన్లున్న సగటు ఖాళీ జూమ్‌లో 487 అయిందని కొలిచారు. నెట్‌వర్క్ తెచ్చిన ఆలస్యం అందులో చిన్న ముక్కే. మిగతాది లయ తప్పిన మనుషులు తడబడటం వల్ల వచ్చినది.

దీనికి మందు వంతుని నోటితో అప్పగించడం. వాక్యం చివర "ఏమంటావ్ తాతయ్యా?" అని పేరు పెట్టి ఆపితే, ఖాళీ ఎంతసేపున్నా అది ఎవరిదో ఇద్దరికీ తెలుసు. గ్రూప్ కాల్‌లో ఇది లేకపోతే ముందుగా మాయమయ్యేది ఇంట్లో పెద్దవాళ్ళే. స్పీకర్‌ఫోన్ వద్దు, గది ప్రతిధ్వని హల్లులను ఇంకా తినేస్తుంది. పాత తరహా ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాలనే మోస్తుంది, "స" బలమంతా దానికి పైనే ఉంటుంది. హెచ్‌డీ వాయిస్ ఉన్న VoLTE (4జీ నెట్‌వర్క్ మీద నడిచే) కాల్ 7000 దాకా మోస్తుంది, కాబట్టి రెండువైపులా అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవడం దండగ పని కాదు. వీడియో అయితే పెదాలు కనిపించాలి. వెనకాల కిటికీ పెట్టుకుని కూర్చుంటే మొహం నల్లగా పడుతుంది. వెలుగు ఎదురుగా ఉండాలి.

వాయిస్ మెసేజ్ పెద్దవాళ్ళకు ఫోన్ కంటే నయం. వంతు గొడవ లేదు, అర్థం కాకపోతే మళ్ళీ వినొచ్చు. వాట్సాప్‌లో 2021 నుంచి ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంతో వినే వీలుంది. మనవడు తాతయ్య మెసేజ్‌ని రెండు రెట్లలో వింటాడు, బాగానే ఉంటుంది. అటునుంచి మనవడి మెసేజ్‌ని మామూలు కంటే నెమ్మదిగా వినే మీట మాత్రం అందులో లేదు, ఉన్నా అది అక్షరాన్ని సాగదీసే నెమ్మదే అవుతుంది. కాబట్టి ఖాళీలు పంపేవాడే పెట్టి పంపాలి. ఒక మెసేజ్‌లో ఒకటే సంగతి, ముప్పై సెకన్లు దాటకుండా. తేదీ, టైము, డబ్బు ఉంటే వాటిని కింద టైపు చేసి కూడా పెట్టాలి. అక్షరాలు పెద్దవి చేసుకుని తాతయ్య తీరిగ్గా చదువుకుంటాడు.